చూడనివ్వని వాన

నిన్న ఆబిడ్స్‌లో తడిసిన తారు వాసన తగలగానే, నా ఎనిమిదేళ్ల వయసప్పటి కోపం మళ్లీ రాజుకుంది.

నాకు మెరుపులంటే పిచ్చి. ఆ వేసవంతా నాంపల్లిలో మా కిరాయి ఇంటి డాబా మీద మబ్బుల కోసం కాచుకున్నాను. చివరికి ఒక సాయంత్రం లక్డీకాపూల్ వైపు ఆకాశం నల్లబడి, ఫెళ్లున ఉరిమింది. అంతలోనే నానమ్మ నా రెక్క పట్టి కిందికి ఈడ్చుకొచ్చి, తలుపుకు గొళ్లెం పెట్టింది.

"జర చూడనియ్యి నానమ్మా!" అని ఏడుస్తూ తలుపును తన్నాను.

"ఏంది సూసేది? సప్పుడు జెయ్యక కూసో!"

ఆమె చేతులు వణుకుతున్నాయి. నన్ను కొట్టాలన్నంత కోపమేమో అనుకున్నాను. వాన వెలిసేదాకా ఆమె మొహం చూడలేదు.

ఊళ్లో చేను దగ్గర, ఆమె కళ్లముందే తాత మీద పిడుగు పడిందని నానమ్మ పోయాక నాన్న చెప్పాడు. నాకింకా కోపమే. ఆ మాట ముందే చెప్పి ఉంటే, ఆ చేతులు పట్టుకునేదాన్ని కదా!