రోజూ ఉద్యోగాలు పీకే శెట్టి

ఆత్మకూరు బజారులో బట్టల దుకాణం నడిపే నాగసుబ్బయ్య శెట్టికి ఒకే ఒక్క జబ్బు. పనివాళ్లను ఉద్యోగంలోంచి తీసేస్తాడు. రోజూ తీసేస్తాడు. చీర మడత వంకర పోతే తీసేస్తాడు, టీలో చక్కెర తగ్గితే తీసేస్తాడు. ఒకసారి కరెంటు పోయిందని ఇద్దర్ని తీసేశాడు. "పో! రేపట్నించి నీ మొగం ఈడ కనపడగూడదు!" అని బజారు దద్దరిల్లేలా అరుస్తాడు. మర్నాడు వాళ్లే వచ్చి షట్టరెత్తుతారు.

ఈ భాగోతం కొత్త కోడలు రమ్యశ్రీకి అంతుపట్టలేదు. పాపం, హైదరాబాదులో పెద్ద కంపెనీలో హెచ్.ఆర్. చేసి వచ్చిన పిల్ల! దుకాణం చూసుకోమనగానే నడుం బిగించింది.

"మామా, మన స్టాఫ్‌లో ఉత్సాహం లేదు."

"చీరలు మడిచేదానికి ఉత్సాహమెందుకమ్మా?"

ఆమె వింటేగా! గోడకో బోర్డు పెట్టించింది. పనివాళ్లు పొద్దున్నే వచ్చి నవ్వుమొహమో ఏడుపుమొహమో అంటించాలి. బోర్డు కిందే శెట్టి కూర్చునేవాడు కాబట్టి అందరూ నవ్వులే అంటించారు. నూటికి నూరు సంతోషమని రమ్యశ్రీ మురిసిపోయింది. నెలకో ఉత్తమ ఉద్యోగిని ఎంచి అట్ట కిరీటం పెట్టింది. ఆ కిరీటంతోనే వీరభద్ర చొక్కా గుడ్డలు చింపుతుంటే, "యాడన్నా నాటకమాడతాండావా అప్పా?" అనడిగాడో గిరాకీ. ఆపైన హాజరుకు వేలిముద్ర మిషన్ కూడా వచ్చింది.

ఒకనాటి మధ్యాహ్నం చీరలు మడిచే రామేశ్వరమ్మ మీద శెట్టి విరుచుకుపడ్డాడు. "ఏందీ మడత? కొంగు యాడ, అంచు యాడ? పో, ఇంగ రావద్దు!" ఆమె క్యారియర్ తీసుకుని గబగబా వెళ్లిపోయింది. రమ్యశ్రీ పద్ధతి ప్రకారం మిషన్‌లోంచి ఆమె వేలిముద్ర తీసేసింది.

మర్నాడు రామేశ్వరమ్మ ఎన్నిసార్లు వేలు పెట్టినా మిషన్ ఒప్పుకోలేదు. చీరచెంగుకు తుడుచుకుని మళ్లీ పెట్టింది. ఊహూఁ. "శెట్టి నిజంగానే తీసేసినాడా తల్లీ? ఈ వయసులో నాకు ఇంగెవరు పనిస్తారు?" అని భోరుమంది.

"నిన్న మామే కదా పొమ్మన్నది?" అంది రమ్యశ్రీ బిత్తరపోయి.

వీరభద్ర తల బాదుకున్నాడు. "అయ్యో, అది సెలవమ్మా! నిన్న నంద్యాల ఆసుపత్రిలో ఈమె కూతురికి కాన్పు. ఈమె చచ్చినా నోరు తెరిచి సెలవడగదు. తిట్టి తరిమితేనే కదులుతాది. జీతంలో కోత ఉండదు."

"మరి మంచిగా చెప్పి పంపొచ్చుగా?"

"అమ్మో! శెట్టి మెత్తనోడని బజారుకు తెలిస్తే గిరాకీలు బేరాలాడి సంపుతారంట. ఆయన భయం ఆయనది."

అంతలో శెట్టి దిగాడు. "ఎవరు తీసేసింది ఈమెను?"

"మీరే మామా."

"నేను తీసేస్తే తీసేసినట్టేనా?"

రమ్యశ్రీకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. రామేశ్వరమ్మ ముద్ర మళ్లీ ఎక్కించింది. మిషన్ పచ్చగా వెలగ్గానే ముసలామె కళ్లు తుడుచుకుని, మనవరాలు పుట్టిందని అందరికీ చక్కెర పెట్టింది.

శెట్టి మాత్రం కోడలికేసి ఉరిమి చూశాడు. "ఈ పాడు మిషన్ పెట్టమన్నదెవరు? పో ఇంటికి! రేపట్నించి నువ్వు గూడా రావద్దు!"

బజారంతా తిరిగి చూసింది. రమ్యశ్రీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

వీరభద్ర మెల్లగా ఆమె పక్కకు చేరాడు. "కడప బస్సులోంచి మీ అమ్మ దిగి ఇంటికి పోతాంటే చూసినాను, పోయి కడుపునిండా మాట్లాడుకో తల్లీ. నిన్ను గూడా తీసేసినాడంటే, ఇంగ నువ్వు మా మనిషివే."