డీన్ గారికి నేను పలికిన స్వాగతం

సౌదీలోని దమ్మామ్‌లో కాలేజీలో చేరిన మొదటి నెలలోనే నేను మా డీన్ గారిని కూలీని అదిలించినట్టు అదిలించాను. అదీ చేతిలో పూలగుత్తి పట్టుకుని, నవ్వుతూ, హాలంతా చూస్తుండగా! ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. మా సీనియర్లు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

మా కాలేజీలో ఆడపిల్లల సంఘం ఒకటుంది. ఏటా సీనియర్లు కొత్తవాళ్ళను పరీక్షించి, నచ్చినవాళ్ళను 'చెల్లెళ్ళు'గా తీసుకుంటారు. చెల్లెలైతే క్యాంటీన్‌లో వాళ్ళ బల్ల దగ్గర చోటు. కాకపోతే చెత్తబుట్ట పక్కన. ప్రొద్దుటూరులో ఇంటర్ ముగించి నాయన దగ్గరికి వచ్చిన నాకు ఇక్కడ ఒక్క స్నేహితురాలూ లేదు. రోజూ ఆ చెత్తబుట్ట పక్కనే కూర్చుని తింటున్నాను.

ఎంపిక రోజు నన్ను ప్రశ్నలడిగింది హైదరాబాద్ అమ్మాయి ఫర్హీన్. పక్కన సంఘం నాయకురాలు నూరా, ఈ ఊరి పిల్లే.

"నీకేమొస్తది?" అంది ఫర్హీన్.

నా ముందు పిల్లేమో వయొలిన్, ఈత, ఫ్రెంచి అని చెప్పి వెళ్ళింది. నాకొచ్చిందల్లా నిమ్మకాయ ఊరగాయ. అయినా నోరు ఊరుకుంటుందా?

"అరబ్బీ వస్తాదక్కా. బాగా వస్తాది!"

"గింత జల్దీనా? ఎక్కడ నేర్చుకున్నవ్?"

"మా నాయన దగ్గర. ఆయన శానా ఏండ్ల నుంచి ఈడనే ఉండాడు."

అబద్ధం కాదండీ. నాయన ఏసీలు బిగించే కంపెనీలో ఫోర్‌మన్. ఇంట్లో ఉన్నంతసేపూ ఫోన్లో పనివాళ్ళతో అరబ్బీలోనే అరుస్తుంటాడు. ఆ ముక్కలన్నీ నాకు కంఠతా వచ్చు. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. నాకు పది ముక్కలు రాగానే ఏకంగా డీన్‌కే గొడుగు పట్టబోయాను.

"గురువారం డీన్ గారు వస్తారు. నువ్వే స్వాగతం చెప్పు. అదే నీ పరీక్ష" అంది నూరా ఇంగ్లీషులో, ఫర్హీన్ సంగతి చెప్పగానే.

గురువారం డీన్ వచ్చారు. పెద్దావిడ. ఆవిడ నడిస్తే గోడలు కూడా సర్దుకుని నిలబడతాయి. గుమ్మంలో ఆగి లెక్చరర్లతో మాట్లాడుతున్నారు. లోపల అందరూ లేచి నిలబడ్డారు. ఫర్హీన్ నన్ను వెనకనుంచి గిల్లింది.

"పిలువ్, పిలువ్!"

సలాం చెప్పాను. అక్కడితో ఆగినా బతికిపోయేదాన్ని. గొంతు సవరించుకుని, అచ్చం మా నాయన ధోరణిలో అందుకున్నాను.

"తాల్, తాల్, సదీక్! సురా, సురా! మాఫీ కలాం!"

దయచేయండి మిత్రమా, త్వరగా రండి, మాటలెందుకు అన్నానని నా నమ్మకం. హాలుకు వినబడింది మాత్రం, 'ఒరేయ్, ఇట్లా రారా! తొందరగా! నోర్మూసుకో!'

నూరా కళ్ళు మూసుకుంది. అది మెచ్చుకోలు అనుకుని నేను ఇంకో మెట్టెక్కాను. ముందు వరసలో కుర్చీ చూపించి, "ఇజ్లిస్! ఖల్లాస్!" అన్నాను. కూర్చో, ఇంతటితో సరి, అని.

డీన్ గారు ఠక్కున కూర్చున్నారు. తర్వాత ఆవిడ భుజాలు అదరడం మొదలైంది. ఏడిపించానే అనుకున్నాను. తీరా చూస్తే, నవ్వు! కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఇంగ్లీషులో అడిగారు.

"నీకు అరబ్బీ నేర్పిందెవరమ్మా?"

నేను తల వంచలేదు. "మా నాయన మేడమ్. ఇవే మాటలతో ఆయన ఈ ఊళ్ళో ఎన్ని భవనాలు చల్లబరిచాడో!"

ఆవిడ లేచి పూలగుత్తి అందుకున్నారు. "ఆయనకు నా సలాం చెప్పు. ఈ కాలేజీలో నన్ను మొదటి మాటకే కూర్చోబెట్టినదానివి నువ్వే."

నూరా అక్కడికక్కడే నన్ను చెల్లెలిగా ప్రకటించింది. పదవి కూడా ఇచ్చింది. ఏ కార్యక్రమమైనా జనాన్ని కూర్చోబెట్టడం నా పని.

ఇంటికెళ్ళి జరిగిందంతా చెబితే నాయన చొక్కా గుండీలు విప్పుతూ, "ఇంతకీ ఆయమ్మ కూచునిందా లేదా?" అన్నాడు.

"కూచునింది నాయనా."

"మల్ల ఇంకేం పాపా! అరబ్బీ వచ్చినట్టే!"

ఆయన ఛాతీ ఆ రోజు జానెడు పొంగింది. నాది మూరెడు.

'సదీక్' అనేది మగవాళ్ళను పిలిచే మాటట, నూరా తర్వాత చెప్పింది. అందుకే పంచభూతాల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో మళ్ళీ ఏ డీన్ గారినీ 'సదీక్' అని గద్దించను. గద్దించాల్సి వస్తే, వ్యాకరణయుక్తంగా, 'సదీకా' అనే గద్దిస్తాను.