దసరాకు తోమిన పెంకులు

అది 2006. మేడ్చల్ దాటి రావల్‌కోల్ వైపు వెళ్లే దారిలో నూలుకు రంగులు వేసే షెడ్డు ఒకటుండేది. నేను దానికి కెమిస్టును. హైదరాబాద్‌లో సుచిత్ర చౌరస్తా దగ్గర బస్సెక్కినప్పుడు కిటికీ పక్క సీటు దొరికిందంటే ఆ రోజంతా హుషారే. ఇప్పుడా దారిలో చేలు లేవు, ఆ షెడ్డూ లేదు. నేను చేసిన ఉద్యోగాలన్నిటిలో బెంగ పుట్టించేది మాత్రం అదొక్కటే.

షెడ్డుకు దిగువన ఖాజామియా గడ్డిచేను. వానొస్తే మా రంగునీళ్లు పొంగి అందులోకి దిగేవి. ఆ గడ్డిని గేదెలు ముట్టడం లేదని ఆయన మొత్తుకుని మొత్తుకుని, చివరికి దసరా మరునాటిదాకా గడువు పెట్టాడు. అప్పటికీ నీళ్లు తేటపడకపోతే పొల్యూషన్ బోర్డుకు ఫిర్యాదు చేస్తాడు. షెడ్డు మూతపడుతుంది, మేమందరం రోడ్డున పడతాం.

నా దగ్గర ఓ ఉపాయం ఉంది. టైటానియం డయాక్సైడ్ నానో పౌడర్, అంటే కంటికి ఆననంత సన్నని రేణువుల తెల్లపొడి, ఎండ తగిలితే నీటిలోని రంగును ముక్కలు చేసి పోగొడుతుంది. తాను మాత్రం ఖర్చైపోదు. ఇలాంటిదాన్నే క్యాటలిస్ట్ అంటారు. ఊరికే కలిపితే నీళ్లతో కొట్టుకుపోతుంది కనుక మట్టిపెంకుల మీద పూసి, బట్టీలో కాల్చి, లోతు తక్కువ తొట్టిలో పరిచాను. కడిగి ఎండబెడితే ఆ పెంకులే మళ్లీ మళ్లీ పనికొస్తాయి. ట్రయల్‌లో గులాబీ రంగు నీళ్లు సాయంత్రానికి తేటపడ్డాయి. నేను ఊరంతా దండోరా వేసినంత పని చేశాను.

దసరా మరునాడు ఖాజామియా రంజాన్ నెల రోజా ఉపవాసంతోనే వచ్చి తొట్టి గట్టున కూర్చున్నాడు. పొద్దు వాలినా నీళ్ల రంగు మారలేదు. పెంకు తీసి చూద్దును కదా, ఎర్రగా మెరిసిపోతోంది. తెల్లపూత జాడే లేదు!

“ఆయుధపూజకు అన్నీ కడిగినం గద సార్,” అంది తొట్లు కడిగే యాదమ్మ. “పెంకులకు సున్నం లెక్క పట్టింది. ఇటుకపొడి వెట్టి మంచిగ తోమిన. బొట్లు గూడ వెట్టిన.”

నాకు ఒళ్లు మండిపోయింది. నోరు తెరిచేలోపే ఖాజామియా అందుకున్నాడు.

“ఆమెనేమనకుండ్రి సార్. పండుగకు సామాన్ కడగకుంటే ఎట్ల? మా ఇంట్ల గూడ గంతే. రంజాన్ పండుగ దాంక ఆగుత. ఇంకోపారి జేయుండ్రి.”

ఆ మాటతో నా కోపం దిగిపోయింది. ఈసారి పూత యాదమ్మ చేతే వేయించాను. ఏది ఎందుకో దగ్గర కూర్చుని చెప్పాను. నీళ్లు తేటపడ్డాక సీఓడీ కూడా చూశాను. అది నీటిలో మిగిలిన మలినాన్ని కొలిచే పరీక్ష, ఎందుకంటే రంగు పోయినంత మాత్రాన మలినం పోయినట్టు కాదు. ఫలితం బాగానే వచ్చింది. అప్పుడు ఖాజామియాను పిలిచాను. ఆయన గ్లాసుతో నీళ్లు ముంచి ఎండకెత్తి చూశాడు.

“మీరు తాగుతరా సార్ గీ నీళ్లు?”

ఔననే మాట నాలుక చివరిదాకా వచ్చింది. “తాగను. గడ్డికి పెట్టొచ్చు. తాగడానికి మాత్రం పనికిరావు,” అన్నాను.

ఆయన నవ్వాడు. “తాగుతనంటే నమ్మకపోతుంటి,” అంటూ పార అందుకుని, తన చేతులతోనే గట్టు తెంపి నీళ్లను చేలోకి వదిలాడు.

ఆ తర్వాత ఎన్నో ప్లాంట్లు చూశాను. ఎవరైనా కొత్త మందు తెచ్చి గొప్పలు చెబుతుంటే, అది ఏం చేయలేదో ముందు చెప్పమంటాను.