ఆపని ప్రోగ్రాం

మా అనంతపురం ఆఫీసులో ఆయన్ని అందరం అన్నా అనే పిలిచేవాళ్లం. రైతుల బోరు మోటార్లను దూరం నుంచే నడిపే ప్రోగ్రాం ఆయన రాసిందే. దాన్ని ఎన్నడూ ఆపి ఎరగడు. ఏది మార్చినా, అది నడుస్తుండగానే ఆ ముక్కను మాత్రం మళ్లీ లోడ్ చేసేవాడు. లోడ్ చేసే ముందు కంప్యూటరు మీద అరచెయ్యి ఆనించి, "నడిచేదాన్ని ఆపగూడదప్పా" అనేవాడు.

ఎండాకాలం ఒక పొద్దున, బోరులో నీళ్లు అయిపోతూనే మోటారు ఆగేలా కోడు మార్చి లోడ్ చేసినాడు. మధ్యాహ్నం గుమ్మఘట్ట రైతు ఫోన్ చేసినాడు.

"నీళ్లు పడడం ల్యా అన్నా. మోటారు మాత్రం తిరుగుతానే ఉండాది."

"చేత్తో ఆపప్పా, కాలిపోతాది!"

అన్న కోడు మళ్లీ చదివినాడు. తప్పు లేదు. మళ్లీ లోడ్ చేసినాడు. అంతలోనే తిరిగే మోటార్ల జాబితా తెరిచి చూసినాడు.

"తిరుగుతాండే మోటార్లన్నీ పాత కోడునే పట్టుకోనుండాయి. కొత్తది ఇంకమీద ఆన్ చేసేవాటికే. ఈడ్నుంచి ఆఫ్ కొట్టినా పాతవాటికి అందదు."

చేత్తో ఆపడానికి చాలామంది రైతులు ఆ ఎండకు చేలల్లో ఉండరు.

"ప్రోగ్రాం ఆపి మళ్లీ మొదలుపెడదాం అన్నా" అన్నాను.

ఆయన కంప్యూటరు మీద అరచెయ్యి ఆనించినాడు. రెండో ఫోన్ మోగింది. ఆయన ఎత్తలేదు.

"ఇన్నేండ్లుగా ముక్కలు ముక్కలుగా మార్చుకుంటా వచ్చినా, మొత్తంగా ఒక్కసారీ మొదలుపెట్టి చూడల్యా. ఆపితే, మళ్లీ లేచేది ఏదో నాకే తెల్దప్పా."