బండకు సదువు రాదు

గోదావరిఖని బొగ్గుబాయిలో మా షిఫ్టు భద్రత చూసే సర్దార్ చేతిలో ఎప్పుడూ ఒక పొడుగాటి కర్ర ఉండేది. పని మొదలయ్యే ముందు దానితో పైకప్పు బండను కొట్టి చూసేవాడు. గట్టి బండ ఖంగుమంటుంది. ఊడిపడే బండ డొల్లగా, డప్పులా మోగుతుంది.

దెబ్బ తగిలి మళ్లీ డ్యూటీకి వచ్చినవాళ్లను ఆయన నేరుగా పనిలోకి పోనిచ్చేవాడు కాదు. కాలు విరిగిన నాలుగు నెలలకు నేను దిగిన రోజున నా ఫిట్ కాయితం చూడనే లేదు. కప్పును కొట్టి, "ఏం ఇనవడ్డది?" అన్నాడు. తడబడ్డాను.

"కాయితం దవాఖానోళ్లు ఇస్తరు బిడ్డా. బండకు సదువు రాదు" అని, ఆ చప్పుడు చెవికెక్కేదాకా వారం రోజులు నన్ను పక్కనే తిప్పుకున్నాడు.

మరుసటి ఏడు ఆయనకే తలకు దెబ్బ తగిలింది. మూడు నెలలకు తిరిగొచ్చాడు. ఆయన్ని పరీక్షించే మనిషి మాలో ఎవరూ లేరు. మొదటి రోజు నేనే వెంట నడిచాను. ఒక మలుపులో ఆగి కప్పును కొట్టాడు. డప్పు మోగినట్టయింది. నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"మంచిగున్నది, నడువు" అన్నాడు.

"కాకా, ఏం ఇనవడ్డది?"

ఆయన నా పెదవులనే చూస్తూ నిలబడ్డాడు. మళ్లీ అడిగాను. ఆయన చెయ్యి జేబు మీదికి పోయింది.

"ఫిట్ కాయితం ఇచ్చిండ్రు బిడ్డా."

పైనుంచి సన్నరాళ్లు ఆయన హెల్మెట్టు మీద టపటపా రాలాయి. తల కూడా ఎత్తలేదు. చొక్కా పట్టి వెనక్కి లాగాను గానీ, ఆ చేతిలోంచి కర్ర తీసుకోలేకపోయాను.

మర్నాడు షిఫ్టు మొత్తానికీ కప్పు కొట్టి చూసింది ఆయనే.