సాంచాల చప్పుడులో అక్క నిద్ర

కొత్త చోట నిద్ర పట్టదని అందరూ అంటారు. ఊరు పోతే సొంత దిండు వెంట పెట్టుకుపోయేవాళ్లను చూశాను. మా అక్కది మాత్రం అంతా తలకిందుల వ్యవహారం. సొంతింట్లో ఆమెకు కన్ను మూతపడేది కాదు. సూరత్‌లో మా ఒంటి గదిలో, నేల మీద చాప పరుచుకుని మొద్దు నిద్ర పోయేది. ఆ నిద్ర ఆమెకు కొన్నాళ్లే దక్కింది. 

కరోనా అన్న మాట ఇంకా టీవీలోనే వినిపిస్తున్న రోజుల్లో, నా రెండో కాన్పుకు అక్క వచ్చింది. అమ్మ లేదు. మొదటి కాన్పుకు అమ్మ చేసినవన్నీ ఈసారి అక్కే చేయాలి. సూరత్‌లోని భేస్తాన్‌లో మేముండేది మరమగ్గాల షెడ్డును ఆనుకుని ఉన్న మేడ గది. మా ఆయన పని కూడా ఆ షెడ్డులోనే. మరమగ్గాలను మేం సాంచాలంటాం. అవి రాత్రనక పగలనక ఆడుతూనే ఉంటాయి. మా స్టాండులో గ్లాసులు సన్నగా వణుకుతూనే ఉంటాయి. ఊరి నుంచి ఎవరైనా ఫోన్ చేస్తే, "ఎందుకే గట్ల కొట్లాడుతున్నవ్?" అని అడుగుతారు. కొట్లాట కాదు, మా ఇంట్లో మామూలు గొంతే అంత.

ఈ మోతలో అక్క ఎట్లా ఉంటుందా అని నాకు బెంగ. ఆమె నిద్ర సంగతి చుట్టాలందరికీ తెలిసిందే. పెళ్లయి జగిత్యాల అవతలి పల్లెకు పోయినప్పటి నుంచీ అదే గోస. అక్కడ బావకు కిరాణా దుకాణం. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు ఏవో మాత్రలిచ్చాడు, వాటితో కాస్త కునుకు పట్టేది. వాళ్లత్త అయితే, పని తక్కువైనవాళ్లకే నిద్ర రాదని తేల్చి పారేసింది. ఆ మాటన్న మహాతల్లికి పొద్దున్నే వేడి నీళ్లు కాచి పెట్టేది మా అక్కే.

వచ్చిన రోజు మధ్యాహ్నం అన్నం తిని, "జర నడుం వాలుస్త చెల్లె" అని చాప మీద ఒరిగింది. నేను గిన్నెలు కడిగి వచ్చేసరికి గుర్రు పెడుతోంది. పొద్దుగూకింది. మా పెద్దపిల్ల ఆమె మీద ఎక్కింది, దిగింది. అక్క కదలలేదు. నాకు భయమేసి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. లేచాక కూడా చాలాసేపు గోడకు ఆనుకుని అట్లాగే కూర్చుంది.

"మాత్ర ఏసుకోలేదే," అంది. "నాయిన సాంచ నడుపుతున్నట్టే అనిపిచ్చింది."

అప్పుడు తట్టింది మా ఇద్దరికీ. సిరిసిల్లలో మేం పుట్టిన ఇంట్లో ముందరి గది నిండా సాంచాలే. ఆ చప్పుడులోనే పెరిగాం, ఆ చప్పుడులోనే పడుకున్నాం. చప్పుడు ఆగితేనే మాకు మెలకువ వచ్చేది. పోగు తెగిందనో, కరెంటు పోయిందనో లేచి కూర్చునేవాళ్లం. పెళ్లయి వచ్చినా నాకు అదే చప్పుడు దొరికింది. అక్కకు దొరకలేదు. మగ్గమన్నదే లేని ఊరు వాళ్లది. ఇన్నేళ్లూ అదేదో జబ్బనుకుని మాత్రలు మింగింది.

ఇక చూడాలి ఆమె దర్జా. వంట చేసేది, నా కాళ్లకు నూనె రాసేది, వీలు దొరికితే చాలు పడుకునేది. "మా వదినె కాన్పు జెయ్య రాలే, పండుకోను వచ్చింది" అని మా ఆయన ఆట పట్టించేవాడు. నాలుగు రోజుల్లోనే మొహం తేటబడింది. కళ్ల కింద నలుపు తగ్గింది. మాత్రల అట్ట తీసి చెత్తబుట్టలో గిరాటేసింది. ఆ పూట ఆమె ముఖం చూస్తే చిన్నప్పుడు లంగా ఓణీలో చూసిన అక్కే కనిపించింది.

లాక్‌డౌన్ వచ్చి సాంచాలు ఆగిపోయాయి.

గ్లాసులు వణకడం మానేశాయి. మా వరుసలో ఇళ్లన్నీ మెలకువతోనే ఉన్నాయి. మగవాళ్లు గుమ్మాల్లో కూర్చుని బీడీలు కాల్చేవారు, పోలీసు జీపు వస్తే లోపలికి ఉరికేవారు. అందరికన్నా అక్కకే ఎక్కువ కష్టమైంది. చెత్తబుట్టలో పోయిన మాత్రలు తిరిగి రావు, మందుల షాపులో చీటీ లేనిదే ఇవ్వరు. మళ్లీ కళ్లు లోపలికి పోయాయి. అన్నం ముందు కూర్చుని తూగేది, చాప మీద వాలితే కళ్లు తెరుచుకునేవి.

నాకు కుట్టుమిషన్ ఉంది. చీరలకు లేసు కుట్టే పని ఇంటికి తెచ్చుకునేదాన్ని. ఆ పనీ ఆగింది. ఒక మధ్యాహ్నం సూదిలో దారం లేకుండానే ఉత్త మిషన్ తొక్కడం మొదలుపెట్టాను. అక్క కళ్లు మూసుకుంది. నెలలు నిండిన కడుపు అడ్డం పడుతుంటే పక్కకు ఒరిగి కూర్చుని తొక్కాను. ఆమె నిజంగానే నిద్రపోయింది. లేచి నా వాచిన పాదాలు చూసి తిట్టింది చూడండి, అమ్మ కూడా నన్ను అంతగా తిట్టలేదు. "నాకు నిద్ర లేకుంటే మానె. నీకేమన్న అయితే నేను బతుకుతనా?" అని మిషన్‌కు గుడ్డ కప్పేసింది.

తర్వాత మా ఆయన ఒక ఉపాయం చేశాడు. ఆయన ఫోనులో తన సాంచా వీడియో ఒకటి ఉంది, రిపేరు మేస్త్రీకి చూపించడానికి తీసింది. అది పెట్టి, ఫోనును ఖాళీ స్టీలు బిందెలో వేశాడు. గదంతా మోత నిండింది. అక్క కళ్లు మూతపడ్డాయి, ఆ మోతకు గోడవారన మా ఆయనా పడిపోయాడు. అయితే ఆ సాంచాకు ఉన్న రోగమే పోగు తెగడం. వీడియో చివర టక్కున పోగు తెగి చప్పుడు ఆగింది. ఇద్దరూ ఒక్కసారే లేచి కూర్చున్నారు. లేని సాంచా కోసం మా ఆయన చెయ్యి గాలిలో వెతుకుతోంది. "పోగు దెగింది నాయినా!" అని అక్క అరిచింది. నవ్వి నవ్వి నాకు నొప్పులు వస్తాయేమోనని భయపడ్డారు. ఎన్నిసార్లు పెట్టినా అదే తంతు. పోగు తెగే చోటు దగ్గరకొచ్చేసరికి అక్క ముందే మేలుకుని ఎదురుచూసేది.

చిన్నది పుట్టింది. అక్క చేతుల్లోనే దానికి మొదటి స్నానం. ఎండలు ముదిరాక మనవాళ్లు కొందరు పర్మిషన్లు తెచ్చుకుని ఊళ్లకు బస్సు మాట్లాడుకున్నారు. దుకాణం తన ఒక్కడితో కావడం లేదని బావ ఫోను మీద ఫోను. ఇంకొన్నాళ్లు ఉండమని బతిమాలాను. అక్క కిటికీలోంచి షెడ్డుకు వేసిన తాళం చూసింది.

"సాంచాలు నడుస్తుంటే ఉందును చెల్లె. షురువైనంక చెప్పు, మల్లొస్త. ఈసారి ఉత్తగ పండుకోనీకే వస్త."

ఆమె ఊరికి పోయిన నెలకే షెడ్డు తెరిచారు. ఇంకొక్క నెల ఉంటే సరిపోయేది. నిశ్శబ్దంలో పుట్టిన మా చిన్నది ఆ మోతకు గుక్కపట్టి ఏడ్చింది, తర్వాత అదీ అలవాటు పడింది. నేను కిటికీ దగ్గర ఫోను పట్టుకుని అక్కకు వినిపించాను. పండుగకు మిఠాయి పంపినంత సంబరపడింది. అది మొదలు మధ్యాహ్నాలు ఫోను కిటికీలో పెట్టేదాన్ని. అక్క అక్కడ తలగడ పక్కన పెట్టుకునేది. దసరా పోయాక వస్తానంది. తర్వాత చలి తగ్గాక అంది. ఎండాకాలంలో కరోనా మళ్లీ విరుచుకుపడింది. కరీంనగర్ ఆసుపత్రికి తీసుకుపోయిన బావ తిరిగి రాలేదు. నేను పోగలిగేసరికి అన్నీ అయిపోయాయి.

ఇప్పుడు దుకాణం అక్కదే. పొద్దున పాల ప్యాకెట్లతో తెరవాలి, చీకటి పడ్డాకే మూయాలి. వాళ్లత్తకు చూపు ఆనదు. సాయానికి ఇంకెవరూ లేరు.

కొన్నాళ్లకు, ఒక మధ్యాహ్నం అలవాటుగా ఫోను కిటికీలో పెట్టాను. అక్క ఎప్పట్లాగే పడుకుందేమో అనుకున్నాను.

"చెల్లె," అంది కాసేపటికి. "జర ఆ కిటికీ మూసెయ్."

"ఎందుకక్కా?"

"నిద్రొస్తది. నేను పండుకుంటే దుకాణం ఎవలు చూస్తరు?"

మూశాను. అప్పటి నుంచి అక్కకు ఫోన్ చేసేముందు కిటికీ మూస్తాను, తలుపు వేస్తాను. అయినా సాంచాల చప్పుడు పూర్తిగా పోదు. మాట్లాడుతూ మాట్లాడుతూ అక్క ఆవులిస్తే, నేనే ఫోన్ పెట్టేస్తాను.