చర్చిలో మీ ముత్తాత కొట్టిన మేకు

చుట్టం కాకపోయినా ఊరంతా బాబాయి అని పిలిచే మా ఆల్డెన్‌కి ఒకటే జబ్బు. ఎవరు కనబడినా చెయ్యి పట్టుకుని ఊళ్ళో పాత చర్చిలోకి లాక్కెళ్ళి, దాన్ని కట్టింది వాళ్ళ పూర్వీకులేనని ఒప్పించాలి. ఒప్పుకునేదాకా చెయ్యి వదలడు.

"ఆ కిటికీ మీ ముత్తాత బిగించిందే" అన్నాడోసారి రొట్టెల కొట్టు రోజ్‌తో.

"మా ముత్తాతకి ఎత్తంటే భయమట, బాబాయ్."

"అందుకేగా కింది కిటికీ ఇచ్చింది!"

బాబాయి లెక్కన చర్చి ఉన్న కొండ మీదికి గంట మోసిన ముత్తాతలను ఒకసారి లెక్కేశాను. నలభై ముగ్గురు తేలారు. గంట చూస్తే పాలక్యాను కన్నా కాస్త పెద్దది, అంతే.

అమెరికాలో మా వెర్మాంట్ చలికి ఆ రెండొందల ఏళ్ళ చర్చి గోపురం ఒక పక్కకి ఒరిగింది. ఈ మార్చిలో జరిగే ఊరి సభకి మా ఊరి వాల్టర్ ఒక తీర్మానం తెచ్చాడు. చర్చిని కూల్చేసి, మంచు తోసే బండ్లకి షెడ్డు వేయాలట. బాబాయి తనకి ప్రాణమైన మేపుల్ చెట్టు పాకం కూడా ముట్టడం మానేశాడు. నాకు నిజంగా భయమేసింది.

సభ ఆ చర్చిలోనే జరిగింది. "కూల్చేద్దామనేవాళ్ళు చేతులెత్తండి" అంది అధ్యక్షురాలు.

రోజ్ లేచి నిలబడింది. "మా ముత్తాత కిటికీ జోలికొస్తే ఊరుకోను!"

"గంట మోసింది మావాళ్ళు!" అని నాలుగు మూలల నుంచీ కేకలు. చివరికి వాల్టర్ కూడా చెయ్యెత్తలేదు. "మెట్లు మా తాత వేసినవట" అని గొణిగాడు. గోపురాన్ని అందరం కలిసి నిలబెట్టాలని తీర్మానమైంది. అమ్మయ్య అనుకున్నాను.

అందరూ వెళ్ళాక బాబాయిని నిలదీశాను. "మా తాత పోలండ్ నుంచి వచ్చేసరికే దీనికి వందేళ్ళు. పైగా ఇది ప్రొటెస్టెంట్ చర్చి, ఆయన క్యాథలిక్, ఈ గడపే తొక్కలేదు. మరి నా చిన్నప్పుడు నువ్వు చూపించిన ఆ పై దూలం ఆయనెలా మోశాడు?"

బాబాయి టోపీ సర్దుకున్నాడు. "నీకప్పుడు ఏడేళ్ళు, వాండా. మీ ఇంటిపేరు చూసి బడిలో నవ్వారని, ఇది మన ఊరు కాదని ఆ మెట్ల మీద కూర్చుని ఒకటే ఏడుపు. ఏం చెప్పను? దూలం చూపించాను."

అంతలో కిందటి నెలే ఎల్ సాల్వడార్ దేశం నుంచి వచ్చిన వంటవాడు మాటియో లోపలికి తొంగిచూశాడు. బాబాయి గబుక్కున అతని చెయ్యి పట్టుకున్నాడు.

"రావయ్యా, ఈ తలుపు గడియ మీ ముత్తాత బిగించిందే!"

మాటియో అయోమయంగా నావైపు తిరిగాడు. "నిజమేనా అక్కా?"

"అనుమానమెందుకు? పైనున్న ఆ దూలం మా తాత మోసిందే" అన్నాను.